జుర్రమ్మ, సబ్బు వాసన టీ

మా పెద్దమ్మ టీ తాగితే పక్క వాటాలో చంటిపాప ఉలిక్కిపడి నిద్ర లేచేది. నేను కల్పించి చెప్పడం లేదు, ఆ పాప తల్లి రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి మరీ చెప్పింది. చెంచాతో టీ తీసి పెదవుల దగ్గర పెట్టుకుని, గాలితో సహా ఒక్క లాగు లాగిందంటే దుప్పటి నిలువునా చిరిగిన చప్పుడయ్యేది. పిల్లలెవరైనా అలా తాగితే తల్లులు నెత్తిన ఒక్కటి మొడతారు. మా పెద్దమ్మకు మాత్రం ఆ చప్పుడు చేసినందుకే ఉద్యోగం. ఆమె ఒక టీ పొడి కంపెనీలో రుచి చూసే మనిషి. కంపెనీలో అందరూ ఆమెను జుర్రమ్మ అనేవాళ్లు. వెనకాల కాదు, మొహం మీదే. ఆమె హాయిగా పలికేది కూడా.

ఆ ఉద్యోగం ఆమె వెతుక్కుంటూ వెళ్లింది కాదు. ఇరవై మూడో ఏట ప్యాకెట్లకు లేబుళ్లు అంటించడానికి చేరింది. ఒక మధ్యాహ్నం, అప్పుడే లారీలోంచి దించిన చెక్కపెట్టెల పక్కనుంచి పోతూ ఆగి, "ఇదేంటి, ఈ పెట్టె బూట్లకు పాలిష్ వేసుకొచ్చిందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లారీ డ్రైవరు మాత్రం నవ్వలేదు. దారిలో బూట్ పాలిష్ డబ్బాలు కూడా ఎక్కించుకున్నానని తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. టీ ఆకు తీరే అంత. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చేసుకుంటుంది. మర్నాటి నుంచి మా పెద్దమ్మ చేతిలో జిగురు కుంచె పోయి చెంచా వచ్చింది.

నేను కళ్లజోళ్ల షాపులో పని నేర్చుకునే రోజుల్లో రెండేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. అందుకే ఈ కథలో సగం నా కళ్లముందే జరిగింది. మిగతా సగం నాకు తూకం అక్క చెప్పింది. తూకం అక్కంటే రుచి గదిలో ఆకు తూచి, నీళ్లు కాచి పెట్టే ఆవిడ. పెద్దమ్మ కన్నా ఏడాది పెద్దది, మాటలో పదేళ్లు పెద్దది.

ఆ రుచి గదిని నేనూ చూశాను. పొడుగాటి బల్ల, దాని మీద వరసగా తెల్లటి మూత కప్పులు, ఒక్కో కప్పు ముందు ఒక్కో తెల్లటి గిన్నె. ప్రతి కప్పులోకీ ఒకే తూకం ఆకు, ఒకే మరుగు నీళ్లు. సరిగ్గా ఆరు నిమిషాలకు గంట మోగుతుంది. టీ గిన్నెలోకి వంచి, తడిసిన ఆకును మూత మీద బోర్లించి పెడతారు. అప్పుడు పెద్దమ్మ చెంచాతో బయల్దేరుతుంది. జుర్రు, నాలుక మీద ఒక తిప్పు, నడుం ఎత్తున్న ఇనప డబ్బాలోకి తుపుక్కున ఉమ్మడం, పక్క గిన్నె. మింగకూడదు. రోజుకు నూటయాభై గిన్నెలు మింగితే మనిషి నిద్రపోయేది ఎప్పుడు?

చిక్కంతా ఆమె రాసే నోటు పుస్తకంతోనే వచ్చేది. కంపెనీ వాళ్లు అచ్చు వేసిచ్చిన మాటలు కొన్ని ఉండేవి: చిక్కదనం, వగరు, రంగు, మెరుపు. అవి మా పెద్దమ్మకు చాలేవి కావు. "ఈ టీకి మొహమాటం ఎక్కువ", "ఇది పక్కింటి వాళ్ల గురించి చెప్పడానికి వచ్చినట్టుంది, కూర్చోదు, పోదు", "ఇది కోపమొచ్చిన లెక్కల మాస్టారు" అని రాసేది.

మేనేజరు పాపం కంగారు మనిషి. టై ఎప్పుడూ భుజం మీదకు ఎగిరిపోయి ఉండేది. ఆ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, లెక్కల మాస్టారంటే కొనాలా, వద్దా?" అని అడిగేవాడు.

"కొనండి సార్. కానీ ఒంటరిగా అమ్మకండి. ఇంకో మెత్తటి ఆకు కలపండి."

"మరి అలాగే రాయొచ్చుగా?"

"అలాగే రాశాను కదా సార్."

ఇంట్లో మా పెదనాన్నది పూర్తిగా ఇంకో తంతు. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వెళ్లిందో, ఎన్నింటికి వచ్చిందో రాసుకుంటాడు. డిపోలో ఆయనకు 'ఊఁ గారు' అని పేరు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. అవుననడానికీ అదే, కాదనడానికీ అదే. తేడా అంతా ఊపిరిలో ఉంటుంది, పట్టుకున్నవాళ్ల అదృష్టం. అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లుగా మా పెద్దమ్మ రోజుకు రెండుసార్లు ఆయన చేతికి టీ ఇస్తోంది. ఊళ్లోకెల్లా గొప్ప నాలుక ఏరి తెచ్చిన ఆకుతో కాచిన టీ అది. ఆయన తాగి, కప్పు కింద పెట్టి, "ఊఁ" అంటాడు. అంతే.

ఇలా నడుస్తుండగా ఒక చలికాలం మేనేజరు చిన్న గోధుమరంగు సీసా పట్టుకుని రుచి గదిలోకి దూసుకొచ్చాడు.

"అమ్మా, బెర్గమాట్!"

"ఎవరు సార్ ఆయన?"

"మనిషి కాదమ్మా, పండు. నిమ్మకీ నారింజకీ మధ్యరకం. దాని తొక్కలోంచి తీసిన నూనె ఇది. నల్ల టీ ఆకులో కలిపితే పెద్ద పెద్ద హోటళ్లలో పడి చస్తారట. వచ్చే నెల హోటళ్ల తరఫున ఒక రుచి నిపుణుడు వస్తున్నాడు. మనం మన రకం తయారుచేసి పెట్టాలి."

నూనె కలిపిన నమూనా ఆకు ఒక పొట్లం కూడా తెచ్చాడు. తూకం అక్క తూచింది, కాచింది, గంట మోగింది. పెద్దమ్మ జుర్రింది. ఆమె కళ్లు గుండ్రంగా అయ్యాయి. ఇనప డబ్బా దగ్గరికి నడిచే ఓపిక కూడా లేక కిటికీ పక్క కుండీలో ఉమ్మేసింది.

"సార్, ఇది తాగేది కాదు. స్నానం చేసేది."

"సరిగ్గా చూడమ్మా."

"చూశాను సార్. సబ్బు. మంచి సబ్బే. వీపు రుద్దుకోవడానికి బాగుంటుంది."

ఆ రోజు నోటు పుస్తకంలో ఒకే మాట రాసింది: "తువ్వాలు ఏది?"

మిగిలిన పొట్లాన్ని పారేయబుద్ధి కాక ఇంటికి తెచ్చింది. బూట్ల అలమారలో పెడితే కంపు పోతుందని ఆమె ఉద్దేశం. వంటింటి గట్టు మీద పెట్టి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. ఈలోగా పెదనాన్న డిపో నుంచి వచ్చాడు. చలికి చేతులు రుద్దుకుంటూ, గట్టు మీద ఏ పొట్లం ఉంటే అది విప్పి, తనే టీ పెట్టుకున్నాడు. ఆకు కాస్త తక్కువ వేశాడు, తొందరగా వడకట్టాడు, పాలు పోయలేదు. అదేం తెలివి కాదు, పాలు అయిపోయాయి.

నేను బల్ల దగ్గర కూర్చుని కళ్లద్దాల ఫ్రేము ఒకటి బిగిస్తున్నాను. ఆయన రెండు గుటకలు వేసి ఆగాడు. కప్పులోకి చూశాడు. మూడో గుటక మెల్లగా తాగాడు. పెద్దమ్మ వంటింట్లోకి రాగానే తలెత్తి, "ఇది ఇంకా ఉందా?" అన్నాడు.

మా పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నా చేతిలోంచి మర జారి ఎక్కడికో దొర్లిపోయింది, ఇప్పటికీ దొరకలేదు.

"ఏమన్నారు?"

"ఇంకో కప్పు."

ఆమె ఇంకో కప్పు పెట్టి ఇచ్చింది. ఆయన అదీ తాగేశాడు. ఆమె మొహం గంటు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లాను.

"చూశావుటే? ముప్పై ఒక్క ఏళ్లు! కొండల మీంచి ఏరి తెప్పించిన ఆకులు పోశానే ఈయనకి. ఒక్కనాడు ఇంకో కప్పు అన్నాడా? పోయి పోయి సబ్బు నీళ్లకి పడిపోయాడు!"

"పోనీలే పెద్దమ్మా, టీయేగా."

"టీయేగా అంటావేంటే! ఇంకెవరినైనా చూసి నవ్వినా ఇంత బాధ పడేదాన్ని కాదు."

మర్నాడు ఆయన్ని నిలదీసింది. "అసలు ఏం బాగుందండీ అందులో?" ఆయన "ఊఁ" అన్నాడు. ఆమె వదల్లేదు. ఆయన ఆలోచించుకుంటానన్నట్టు చెయ్యెత్తి డిపోకి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆలోచించాడు. మూడోరోజు పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, నేల వైపు చూస్తూ చెప్పాడు: "తాగాక చివర్లో... ఎవరో కిటికీ తీసినట్టుంటుంది."

చెప్పేసి బస్సు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. మా పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. అసూయ పోయి ఇంకేదో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుగా టీల గురించి మాటలు పుట్టించేది తను. ఆ నోటు పుస్తకంలో ఇంత మంచి మాట ఒక్కటి లేదు. ఆ మాట అన్నది ఊఁ గారు!

"ఆ కిటికీ నాకెందుకు కనపడలేదే?" అంది నాతో. ఆ పూట నుంచి ఆమెకు కిటికీ పిచ్చి పట్టుకుంది.

పొట్లంలో మిగిలిన ఆకును పదిరకాలుగా కాచి చూసింది. ఆరు నిమిషాలు నానబెడితే సబ్బే. నాలుగు నిమిషాలకు సబ్బు కాస్త వెనక్కి తగ్గి నారింజ తొక్క గిచ్చినట్టు ఒక చురుకు ముందుకొచ్చింది. మూడు నిమిషాలకు, నీళ్లు కాస్త చల్లారాక తాగితే, ముందు వగరు, తర్వాత తీపి లాంటిదేదో, అన్నీ అయిపోయాక ముక్కు వెనకాల ఎక్కడో సన్నటి గాలి. ఆ గాలి తగిలినప్పుడు ఆమె జుర్రడం మర్చిపోయింది. మామూలు మనిషిలా నిశ్శబ్దంగా మింగింది.

"ఉందే! కిటికీ ఉంది! చిన్నది. నిలువెత్తు కిటికీ కూడా కాదు, గోడ పైన ఉండే వెంటిలేటరు లాంటిది. కానీ ఉంది."

తప్పు పండుది కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ పొట్లం కలిపినవాడు నూనె ఎక్కువ పోశాడు, పైగా కింద ఉన్న ఆకు మరీ పిరికిది. నూనె గట్టిగా మాట్లాడుతుంటే ఆకు నోరు మూసుకుని నిలబడింది. కంపెనీకి పరిగెత్తుకెళ్లి, తనకు నచ్చిన గట్టి నల్ల ఆకును ఎంచుకుని, చుక్కలు లెక్కపెడుతూ నూనె కలపడం మొదలుపెట్టింది.

అక్కడే అసలు గ్రంథం నడిచింది. ఒక ఉదయం సీసా మూత సరిగ్గా బిగించకుండా స్వెటరు జేబులో వేసుకుని, బల్ల మీదకు వంగి గిన్నెలు సర్దింది. నిటారుగా లేచేసరికి ఎడమ పక్కంతా తడి. మేనేజరు అన్న మాట ప్రకారం ఆ సీసా వెయ్యి కిలోల ఆకుకు సరిపోతుందట. సగం సీసా మా పెద్దమ్మ పీల్చేసుకుంది.

మూడుసార్లు ఉతికింది. స్వెటరు పొట్టిదైంది గానీ వాసన పొట్టిది కాలేదు. ఆమెకున్న వెచ్చటి స్వెటరు అదొక్కటే. రుచి గదిలో బయటి వాసన రాకూడదని హీటరు కూడా పెట్టనివ్వరు. గత్యంతరం లేక అదే తొడుక్కుని తిరిగింది.

మొదటిరోజు బస్సులో కండక్టరు నాలుగు తుమ్ములు తుమ్మి, "ఎవరి సంచిలోనో నారింజలు చితికినట్టున్నాయి, అందరూ ఒకసారి చూసుకోండమ్మా!" అని కేకేశాడు. బస్సంతా సంచులు వెతుక్కుంది. మా పెద్దమ్మ కూడా తన సంచి తెరిచి శ్రద్ధగా వెతికింది. పక్క సీటు ముసలావిడ ఆమె భుజం దగ్గర ముక్కు పెట్టి, "ఏ సబ్బమ్మా నువ్వు వాడేది?" అని అడిగితే, "టీ అండీ" అంది. ఆవిడ జాలిగా చూసి ఇంకేమీ అడగలేదు.

ఇంట్లో ఇంకో వింత జరిగింది. సాయంత్రం పెద్దమ్మ సోఫాలో కూర్చుని అల్లిక పట్టుకుంటే, పెదనాన్న గది అవతల మూల ఉన్న తన పడక కుర్చీ వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను కళ్లు నులుముకుని చూశాను.

"ఏంటండీ, ఇటొచ్చారు?"

"వెలుతురు... పేపరు చదవడానికి."

లైటు ఉన్నది ఆయన పాత కుర్చీ నెత్తిమీద. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనలేదు. ఆయన పేపరు విప్పి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అప్పుడప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకునేవాడు. మా పెద్దమ్మ కుట్లు తప్పుతూ అల్లింది. నాకు అకస్మాత్తుగా వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది.

కానీ రుచి గదిలో పరిస్థితి అన్యాయంగా తయారైంది. ఆ వాసన మధ్యనే రోజంతా ఉండడం వల్ల పెద్దమ్మకీ తూకం అక్కకీ మేనేజరుకీ ముక్కులు మొద్దుబారిపోయాయి. వాళ్లకిక గదిలో ఏ వాసనా తెలియడం లేదు. అలాంటి స్థితిలో నిపుణుడు వచ్చే రోజు రానే వచ్చింది.

ఆయన బక్కపల్చటి మనిషి. చేతిలో గొడుగు, జేబులో తన సొంత వెండి చెంచా. పెద్దమ్మ ఐదు గిన్నెలు పెట్టింది. నాలుగింటిలో నూనె రకరకాల పాళ్లలో కలిపిన ఆకు. ఐదోది ఏమీ కలపని ఉత్త నల్ల ఆకు, తేడా తెలియడానికి చివర్లో పెట్టింది.

నిపుణుడు మొదటి గిన్నె జుర్రాడు. తూకం అక్క వెనకాల గోడకు చేరబడింది. అలాంటి చప్పుడు ఆమె మా పెద్దమ్మ దగ్గర కూడా వినలేదట. పెద్దమ్మ కూడా తగ్గలేదు, అదే గిన్నె ఇంకా గట్టిగా జుర్రింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నారు.

"ఇందులో నూనె ముందు పరిగెత్తింది, ఆకు వెనకే ఉండిపోయింది" అన్నాడాయన.

"అవునండీ, చెయ్యి పట్టుకోలేదు" అంది పెద్దమ్మ.

రెండోది మందుల షాపన్నాడు. మూడోది ఫరవాలేదన్నాడు. నాలుగోది రెండుసార్లు రుచి చూసి, "దగ్గరికొచ్చారు" అన్నాడు. మేనేజరు టై సర్దుకున్నాడు. నిపుణుడు ఐదో గిన్నె జుర్రాడు. ఉమ్మడానికి డబ్బా వైపు తిరిగి, ఆగి, మింగేశాడు.

రుచి చూసే వృత్తిలో మింగడమంటే చప్పట్లు కొట్టడమే.

"ఇది! ఇదే కావాలి. ఎంత వేశారు ఇందులో?"

పెద్దమ్మ నోరెళ్లబెట్టింది. "అయ్యో, అందులో ఏమీ..." అనబోయింది. బల్ల కింద మేనేజరు ఆమె కాలు తొక్కాడు.

"అది మా కంపెనీ రహస్యం సార్!" అన్నాడు, చెమటలు కక్కుతూ.

"రహస్యంగానే ఉంచండి. రెండు నెలల్లో ఇలాంటిదే ఐదొందల కిలోలు పంపండి" అని నిపుణుడు చేతులు కలిపి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే మేనేజరు పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రహస్యం ఏంటి?"

"నాకేం తెలుసు సార్! తొక్కింది మీరు."

ముగ్గురూ వెతుకులాట మొదలుపెట్టారు. ముక్కులు పనిచేయవు కాబట్టి గిడ్డంగి నుంచి లెక్కలు రాసే గుమాస్తాను పిలిపించి, గదంతా వాసన చూడమన్నారు. అతను గుమ్మంలోనే తూలాడు. తర్వాత పోలీసు కుక్కలా వాసన పట్టుకుంటూ బల్ల దాటి, కుండీ దాటి, తలుపు వెనకాల అరదాకా వెళ్లి ఆగాడు. అరలో మూత లేని పళ్లెంలో ఆ ఉత్త నల్ల ఆకు ఉంది. దాని పైన కొక్కేనికి, గిన్నెల మీద వంగడానికి అడ్డమని రుచి చూసేటప్పుడల్లా తీసి తగిలించే మా పెద్దమ్మ స్వెటరు వేలాడుతోంది. పదిరోజులుగా ఆమె జుర్రినంతసేపూ ఆకు కింద, స్వెటరు పైన.

"బూట్ పాలిష్!" అంది పెద్దమ్మ నుదురు కొట్టుకుంటూ. మిగతా ముగ్గురికీ అర్థం కాలేదు. "ఆకు పీల్చేసుకుంది సార్. ఆ ఐదో గిన్నెలో ఉన్నది నేనే!"

మేనేజరు నమ్మలేదు. స్వెటరు కొక్కెం మీంచి తీసి, రెండు చేతులతో మొహానికి అదుముకుని, మొద్దుబారిన ముక్కుతో గట్టిగా పీల్చాడు. చాలక జేబులోకి ముక్కు దూర్చాడు. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. నిపుణుడు గొడుగు మర్చిపోయాడట.

ఆయన చూసిందేమిటంటే, ఒక కంపెనీ మేనేజరు ఒక ఆడమనిషి స్వెటరు జేబులో మొహం పెట్టుకుని ఉన్నాడు, మరో ఇద్దరు ఆత్రంగా "తెలుస్తోందా సార్? తెలుస్తోందా?" అంటున్నారు, పెద్దమ్మ చలికి వణుకుతూ నిలబడింది.

"ఇది... రహస్యం సార్" అన్నాడు మేనేజరు, స్వెటరులోంచే.

ఇక లాభం లేదని పెద్దమ్మ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. నిపుణుడు వింటూ వింటూ స్టూలు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. తేరుకున్నాక ఒకే ప్రశ్న అడిగాడు.

"అమ్మా, ఆ స్వెటరు ఉతికిందేనా?"

"మూడుసార్లండీ!"

"అయితే అభ్యంతరం లేదు. కానీ ఐదొందల కిలోలకు స్వెటరొక్కటీ చాలదేమో, చూసుకోండి."

చూసుకున్నారు. మేనేజరు మొదట స్వెటరును గిడ్డంగిలో దూలానికి కట్టిద్దామన్నాడు. తూకం అక్క కళ్లెర్రజేసింది. "సారూ, జుర్రమ్మ అందులో ఉండగా కడతారా, తీశాక కడతారా?"

చివరికి పెద్దమ్మే దారి కనిపెట్టింది. నూనెను ఆకు మీద చల్లడం మానేసి, కొత్త ఉన్ని గుడ్డలకు కొద్దికొద్దిగా తడిపి, మూసిన అలమారల్లో పై తీగలకు వేలాడదీసింది. కింద పళ్లేల్లో ఆకు పరిచింది. గుడ్డ ఆకును తాకదు, గాలి మాత్రం తాకుతుంది. ఎన్ని రోజులన్నదే ప్రశ్న. కంపెనీలో నమ్మదగ్గ ముక్కు ఒక్కటీ లేదు, గుమాస్తాదీ అప్పటికి మొద్దుబారిపోయింది. ఇంట్లో ఒకటుంది.

రోజూ సాయంత్రం ఒక నమూనా తెచ్చి, మూడు నిమిషాలు నానబెట్టి పెదనాన్న చేతికి ఇచ్చేది. ఆయన తాగి, కాసేపు గోడవైపు చూసి తీర్పు చెప్పేవాడు. ఒక్కరోజు గాలి తగిలిన ఆకుకు "మూసుంది" అన్నాడు. రెండు రోజులదానికి "గొళ్లెం తీశారు" అన్నాడు. వారం రోజులది తాగి లేచి నిలబడి, "గోడే పడిపోయింది" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మా పెద్దమ్మ ఆయన నోట అన్ని మాటలు వినలేదు. నాలుగు రోజులు ఉంచి, రోజూ పొద్దున ఒకసారి కలియబెట్టిన ఆకు వంతు వచ్చింది. ఆయన తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

"తెరుచుకుంది" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఇక ముట్టుకోకు" అన్నాడు.

మా పెద్దమ్మ తనూ ఒక గుటక తాగింది. చప్పుడు చేయకుండా, మింగుతూ. ఇద్దరూ ఆ కప్పు అటూ ఇటూ మార్చుకుంటూ పూర్తి చేశారు. నాకు మిగల్చలేదు.

మర్నాడు నోటు పుస్తకంలో "కిటికీ పూర్తిగా తెరుచుకుంది" అని రాసింది. మేనేజరు ఆ ఒక్కసారికి అర్థం అడగలేదు.

ఐదొందల కిలోలూ టైముకు వెళ్లాయి. హోటళ్ల వాళ్లు మళ్లీ అడిగారు. ఊళ్లు ఏలేంత పేరు రాలేదు గానీ, ఆ టీ ఇప్పటికీ ఆ కంపెనీ ప్యాకెట్లలో వస్తోంది. ప్యాకెట్ మీద పండు బొమ్మ వేయమంటే, బొమ్మలాయన ఆ పండు ఎప్పుడూ చూడలేదట. నిమ్మకాయ గీసి దానికి రెండు కంతులు తగిలించాడు. స్వెటరు మాత్రం పెద్దమ్మకు తిరిగి రాలేదు. ఎప్పుడు అవసరం పడుతుందోనని మేనేజరు దాన్ని తగరపు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కంపెనీ తరఫున ఆమెకు కొత్త స్వెటరు ఇచ్చారు. అది తొడుక్కుని వచ్చిన మొదటి సాయంత్రం పెదనాన్న ఒకసారి పీల్చి చూసి, లేచి తన కుర్చీ దగ్గరికి వెళ్లాడు. పది నిమిషాలు కూర్చున్నాడు. మళ్లీ లేచి సోఫా మీదకే వచ్చేశాడు. ఆసారి వెలుతురు సాకు చెప్పలేదు.

పెద్దమ్మ ఉద్యోగ విరమణ చేసి ఇప్పటికి నాలుగేళ్లు. పోయిన వేసవిలో ఆ నిపుణుడు పొట్టు నింపిన చిన్న పెట్టె ఒకటి పంపాడు. "ఇంతకాలం పండును చూడకుండా పనిచేశారు కదా" అని చీటీ. లోపల నిజమైన బెర్గమాట్ ఒక్కటి, పసుపుపచ్చగా, ముడతలు పడి. అది వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి, ఎక్కడో విన్న గొంతు మనిషి ఎదురైతే చూసినట్టు చూసింది. తర్వాత కత్తి తెచ్చి మూడు ముక్కలు కోసింది.

నేను నోట్లో పెట్టుకున్నాను. నా చెవులు రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి బయల్దేరాయి. అంత పులుపు, ఆ వెనకే అంత చేదు. పెద్దమ్మ ఒక కన్ను మూసుకుపోయింది, చాలాసేపు తెరుచుకోలేదు. పెదనాన్న మాత్రం తన ముక్క మొత్తం నమిలి మింగి, కాసిని నీళ్లు తాగి, "తొక్క మంచిది, మనిషి మంచిది కాదు" అన్నాడు.

గింజలు ఐదు దొరికాయి. పెద్దమ్మ వాటిని ఐదు కుండీల్లో నాటి బాల్కనీలో వరసగా పెట్టింది. రోజూ పొద్దున పెదనాన్న టైము రాసుకుని మరీ నీళ్లు పోశాడు. నాలుగు కుండీల్లో ఏమీ రాలేదు. ఐదోదాంట్లో మొలక వచ్చింది. ఆ రోజు నాకు ఫోన్ చేసి ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. పక్క వాటావాళ్లను పిలిచి చూపించారు, తూకం అక్క బస్సెక్కి వచ్చి చూసిపోయింది. మొక్క జానెడైంది, మూరెడైంది, కర్ర ఊతం పెట్టాల్సి వచ్చింది. పూత కూడా వచ్చింది. పెద్దమ్మ ఆకు నలిపి వాసన చూసి ఏదో అనబోయి, పెదనాన్న మొహం చూసి ఊరుకుందట.

నెల తర్వాత కాయలు కాశాయి. ఎర్రగా, గుండ్రంగా, పద్నాలుగు టమాటాలు. నాకు ఆరు పంపారు. బాగున్నాయి.